జేబుల ఫోల్డర్ తెరుచుకోలేదు

2024 ఎండాకాలం. రాయదుర్గంలో బస్టాండు వెనక వీధిలో నా కంప్యూటర్ సర్వీసు షాపు. ఊళ్ళో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లు ఎక్కువ కాబట్టి నా పనిలో సగానికి పైగా వాటితోనే. బిల్లులు కొట్టే సిస్టమ్‌లు, ప్యాటర్న్‌లు గీసే సిస్టమ్‌లు, ఎంబ్రాయిడరీ మిషన్లకు డిజైన్లు పంపే సిస్టమ్‌లు. గుడ్డ నూగు లోపలికి పోయి ఫ్యాన్లు పట్టేస్తుంటాయి. వేరే ఊళ్ళలో మూత విప్పితే బూడిదరంగు దుమ్ము కనబడుతుందేమో. మా ఊళ్ళో నీలంగా ఉంటుంది.

ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తే మొదట్లో జనం వింతగా చూసేవాళ్ళు. "మీ ఆయన రాల్యేదా?" అని అడిగేవాళ్ళు. నాకు ఆయన లేడు, నేనే వస్తాను అని చెప్పడం అలవాటైపోయింది. తర్వాత్తర్వాత అదే నాకు కలిసొచ్చింది. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పని చేసుకునే ఆడవాళ్ళు నన్నయితే మొహమాటం లేకుండా పిలుస్తారు. షాపు వెనక గదిలోనే ఉంటాను. రోజంతా ఎవరో ఒకరితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది కానీ, షట్టర్ దించాక ఆలోచిస్తే ఆ మాటలన్నీ "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" దగ్గరే ఆగిపోయి ఉంటాయి.

ఇన్నేళ్ళలో ఎన్నో కంప్లెయింట్లు చూశాను. చాలావరకు మర్చిపోయాను. కటింగ్ మాస్టర్ నరసింహులుగారి ఇంట్లో చూసినది మాత్రం మర్చిపోలేదు. పని పరంగా చూస్తే అందులో ఏమీ లేదు. షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోలేదు, అంతే.

షేర్డ్ ఫోల్డర్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. ఒక కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డర్‌ను అదే ఇంట్లో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి కూడా తెరిచి చూసుకునేలా పెట్టుకోవచ్చు. బీరువా ఒక గదిలో ఉండి, దాని తలుపు రెండో గదిలో కూడా ఉన్నట్టు. రెండు కంప్యూటర్లూ ఒకే రౌటర్‌కు, అంటే ఇంట్లో వైఫై ఇచ్చే డబ్బాకు, కలిసి ఉంటే చాలు.

మాస్టర్ ఇల్లు కొండ కింది వీధిలో. మూడు గదులు రైలుపెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి. వెనక గది ఆయనది. యూనిట్ల కోసం ప్యాంటు ప్యాటర్న్‌లు కంప్యూటర్‌లో గీస్తాడు. ముందు గది కూతురు శైలజది. ఒక ఎంబ్రాయిడరీ మిషన్, దాని పక్కన కంప్యూటర్. ప్యాంటు వెనక జేబుల మీద వేసే డిజైన్లు తయారుచేస్తుంది. జేబు కొలత ఆయన చెప్పకపోతే ఆమె సూది ఎక్కడ దిగాలో తేలదు. ఆమె డిజైన్ చూడకపోతే ఆయన జేబు గుడ్డ ఎంత వదలాలో తేలదు. ఒకరి పని లేకుండా ఇంకొకరి పని ముందుకు పోదు.

మధ్య గదిలో గంగమ్మ ఉండేది. మాస్టర్ భార్య. చాప మీద కూర్చుని, కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించేది. ఆ ఇంటికి మొదట నెట్‌వర్క్ పెట్టింది నేనే. ఆ రోజు చూశాను. వెనక గదిలోంచి ఆయన, "ఏమే, జేబు మీద ఆ పువ్వు ఎంత వెడల్పో పాపనడుగు" అనేవాడు. ముందు గదిలోంచి శైలజ, "అమ్మా, అరచెయ్యంత అని నాయనకు చెప్పు" అనేది. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంది. అయినా గంగమ్మ తలెత్తకుండా ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేది.

"ఇదే నా పని రమా. దారాలు కత్తిరిచ్చేది, మాటలు మోసేది" అని నవ్వింది నాతో. "నువ్వు ఆ వైర్లేవో బిగిస్తే నాకు ఒక బరువన్నా తగ్గుతాది."

శైలజ కంప్యూటర్‌లో 'జేబులు' అని ఒక ఫోల్డర్ చేసి ఇద్దరికీ తెరుచుకునేలా పెట్టి వచ్చాను. ఆ తర్వాత, 2023లో, గంగమ్మ జబ్బు చేసి పోయింది. చూడటానికి వెళ్ళినప్పుడు తండ్రీకూతుళ్ళు ఆమెకు అటొకరు, ఇటొకరు కూర్చుని ఉన్నారు. వచ్చినవాళ్ళందరితో మాట్లాడారు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూడలేదు. దుఃఖంలో ఉన్నారు కదా అనుకున్నాను.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం మాస్టర్ ఫోన్ చేశాడు.

"రమమ్మా, జేబుల ఫోల్డర్ తెరుచుకోల్యా. ఒకసారి వచ్చి చూసిపో."

"శైలజ ఇంట్లో ఉందా అన్నా? రెండు సిస్టమ్‌లూ ఆన్‌లో ఉండాలి."

"యాడికి పోతాది, ఉండాది. ఆయమ్మితో పనిలేదులే. నా దాంట్లోనే ఉండాది కంప్లెయింట్." ఫోన్ పెట్టేసే ముందు, "ముందు తలుపు కాదు, వెనక సందులోంచి రా" అన్నాడు.

ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. వెనక సందు నిండా ఖాళీ నీళ్ళ డ్రమ్ములు, ట్యాంకరు కోసం వరసలో పెట్టినవి. వాటి మధ్యనుంచి దారి చేసుకుని వెళితే మాస్టర్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మనిషి తగ్గిపోయాడు. గదిలో టేబుల్ మీద ప్యాటర్న్ అట్టలు, కత్తెరలు, మూలన మంచం. ఆ మంచం మీదే తినడం, పడుకోవడం, టేబుల్ దగ్గర పని. ఆ గది దాటి ఆయన ఎక్కువగా వెళ్తున్నట్టు అనిపించలేదు. ముందు గదిలోంచి ఎంబ్రాయిడరీ మిషన్ టకటకమని ఆగకుండా వినబడుతూనే ఉంది.

మా పనిలో ఒక వరస ఉంటుంది. మొదట తీగలు, తర్వాత నెట్‌వర్క్, తర్వాత పాస్‌వర్డ్‌లు, చివరికి పర్మిషన్లు. రెండు సిస్టమ్‌లూ ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నాయా చూశాను. ఉన్నాయి. పింగ్ చేశాను. పింగ్ అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌ను "ఉన్నావా?" అని అడగడం. అవతలది ఆన్‌లో ఉంటే "ఉన్నాను" అని వెంటనే జవాబు వస్తుంది. వచ్చింది. అడిగిన ప్రతిసారీ వచ్చింది.

"అవతలది బాగానే పలుకుతోంది అన్నా" అన్నాను.

"పలుకుతాందా?" అని ఆయన ముందుకు వంగి స్క్రీన్ చూశాడు.

ఫోల్డర్ మీద నొక్కాను. ఇంగ్లిషులో ఒక మెసేజ్ వచ్చింది.

"ఏమంటాది అది?" అని అడిగాడు.

"దీన్ని తెరవడానికి మీకు అనుమతి లేదంట."

"ఎవురి అనుమతి?"

"ఆ కంప్యూటర్‌ది అన్నా" అన్నాను. కానీ ఆ మాట ఆయనకు వేరేగా తగిలిందని ముఖం చూస్తే తెలిసింది.

నేను మాత్రం అప్పటికి కంప్యూటర్ తప్పే అనుకుంటున్నాను. సిస్టమ్ తనంతట తాను అప్‌డేట్ అయినప్పుడు ఇలాంటివి జరుగుతుంటాయి. నిన్నటిదాకా ఊరికే తెరుచుకున్న ఫోల్డర్ ఇవాళ పాస్‌వర్డ్ అడుగుతుంది, లేదా ఇంటి నెట్‌వర్క్‌ను బయటి నెట్‌వర్క్ అనుకుని తలుపులు మూసేస్తుంది. ఆ సెట్టింగులు చూశాను. పాత పాస్‌వర్డ్ తీసేసి మళ్ళీ కొట్టాను. అవతలి కంప్యూటర్ లోపలికి రానిచ్చింది. అందులో ఉన్న ఇంకో ఫోల్డర్, పాత బిల్లులది, టక్కున తెరుచుకుంది. జేబుల ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే మెసేజ్.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అప్‌డేట్ వల్ల అయితే అన్నీ మూసుకుపోవాలి. ఒక్క ఫోల్డర్‌ను, అదీ ఒక్క మనిషికి మూయడం అప్‌డేట్ చేసే పని కాదు.

"శైలజ సిస్టమ్ చూడాలి అన్నా."

"ఆడికి పోకుండా ఈడ్నుంచే చేయల్యావా?"

"చేయలేను. తలుపు అటువైపు ఉంది."

ఆయన టేబుల్ మీది అట్టలు సర్దడం మొదలుపెట్టాడు.

"మరి ఇది మూసుకున్నప్పట్నుంచి డిజైన్లు ఎలా తీసుకుంటున్నారు?"

"పాప నీళ్ళకో, బజారుకో పోయినప్పుడు పోయి పెన్‌డ్రైవులో ఎక్కించుకుంటాంటి. ఇప్పుడు దానికీ పాస్‌వర్డ్ పెట్టింది."

"అడగొచ్చు కదన్నా."

"దాని పని అది చేసుకుంటాండాది. మధ్యలో నేనెందుకు" అన్నాడు. గొంతులో కోపం లేదు. నేను అడిగిన ప్రశ్నే ఆయనకు అర్థం కానట్టుంది.

మధ్య గదిలోంచి ముందుకు వెళ్ళాను. చాప అలాగే పరిచి ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు, ఎవరూ చుట్టి పక్కన పెట్టనూ లేదు.

శైలజ మిషన్ ముందు నిలబడి ఉంది. పాతికేళ్ళ పిల్ల. చున్నీ వెనక్కి ముడేసుకుని, దారం తెగకుండా చూసుకుంటోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"సందులోంచి వచ్చినావు కదక్కా. డ్రమ్ముల సప్పుడు వినబడింది."

"నీ సిస్టమ్ ఒకసారి చూస్తానమ్మా. నాయనకు జేబుల ఫోల్డర్ రావడం లేదంట."

ఆమె తనే పాస్‌వర్డ్ కొట్టి, ఫోల్డర్ మీద నొక్కి, పర్మిషన్ల పేజీ తెరిచి పెట్టింది. ఆ ఫోల్డర్‌ను ఎవరెవరు తెరవచ్చో వాళ్ళ పేర్లు అక్కడ ఉంటాయి. నేను పెట్టినప్పుడు రెండు పేర్లు ఉండేవి. ఇప్పుడు ఒక్క శైలజ పేరే ఉంది.

"నేనే తీసేసినా" అంది.

మిషన్ జేబు మీద ఒక రెక్క పూర్తిచేసి రంగు దారం కోసం ఆగింది. ఆమె దారం మార్చింది కానీ మళ్ళీ నడపలేదు.

"ఎందుకమ్మా? ఏమన్నా గొడవైందా?"

"గొడవ పడాలంటే మాట్లాడాల కదక్కా." మెల్లగా చెప్పసాగింది. "పొద్దున వంట చేసి ఆ గది గడప దగ్గర పెడతా. తిని, గిన్నె కడిగి ఈడ పెడతాడు. డిజైన్ చేసి ఫోల్డర్లో పెడతా. తీసుకుంటాడు. నచ్చకపోతే ఫైలు పేరు మార్చి పెడతాడు. 'చిన్నది చేయి.' 'ఎడమకు జరుపు.' అదే మాట మా ఇద్దరికీ. అమ్మ పోయినప్పట్నుంచి ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళు ల్యారక్కా."

నేను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

"అది కూడా మూసేస్తే అప్పుడన్నా లేచి వస్తాడనుకున్నా. ఏమ్మీ, ఫోల్డర్ రాలేదేమే అని అడుగుతాడు, నేనేమో చెప్తా, అట్లన్నా మాట మొదలైతాదనుకున్నా. నేను బయటికి పోయేదాకా చూసి దొంగ మాదిరి వచ్చి తీసుకుని పోయినాడు. సరే అని కంప్యూటర్‌కే పాస్‌వర్డ్ పెట్టినా. ఇప్పుడు అడగక ఏం చేస్తాడులే అనుకున్నా." ఆమె నవ్వబోయింది. "బజారుకు ఫోన్ చేసి నిన్ను పిలిపిచ్చినాడు."

జేబు గుడ్డ సర్దుతూ ఆమే అంది. "బళ్ళారికి పోతాండానక్కా. ఆడ పెద్ద యూనిట్లో డిజైన్ పని దొరికింది. వచ్చే నెల రమ్మన్నారు. పోయేలోపల ఒక్కసారన్నా..." మాట పూర్తి చేయలేదు.

"నాయనకు తెలుసా?"

"ఎట్ల చెప్పాల?"

"నేను చెప్పనా?"

తల అడ్డంగా ఊపింది. "నువ్వు చెప్తే మల్లా అమ్మ పనే నువ్వు చేసినట్టయితాది. వద్దక్కా."

ఆ పిల్ల అన్నది నిజమే. ఇరవై నిమిషాల్లో నేను కూడా ఆ చాప మీద కూర్చోబోయాను.

వెనక గదికి వచ్చి మాస్టర్‌తో ఉన్నమాట చెప్పాను. "అన్నా, ఇది నేను బాగుచేసే కంప్లెయింట్ కాదు. మీ పేరు ఆ ఫోల్డర్‌లో లేదు. శైలజనే అడగాలి."

ఆయన ముఖం ఎర్రబడింది. "నిన్ను పిలిచింది బాగుచేసేకి. పంచాయితీ చేసేకి కాదు. నీకు వచ్చునా, రాదా? అది చెప్పు."

రావడం వచ్చు. ఆ రెండు సిస్టమ్‌లనూ పెట్టింది నేనే. శైలజ పక్కకు పోయినప్పుడు ఆయన పేరు మళ్ళీ చేర్చడం ఎంతసేపు? కానీ ఫోల్డర్ చేసినవాళ్ళది. వాళ్ళు మూస్తే తెరవడానికి వాళ్ళ మాట కావాలి. పనిలో నేను పెట్టుకున్న కట్టుబాటు అది.

"వచ్చు. కానీ చేయను" అని సంచి సర్దుకున్నాను.

"ఈ ఇల్లు నాది. ఆ కంప్యూటర్ నేను తెచ్చిచ్చినది."

"అవునన్నా. ఫోల్డర్ మాత్రం ఆ పిల్లది."

వెళ్ళిపొమ్మంటాడనుకున్నాను. అనలేదు. మంచం మీద కూర్చుండిపోయాడు. ముందు గదిలో మిషన్ మళ్ళీ మొదలైంది.

"బళ్ళారికి పోతాదంట కదా" అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను సంచి కింద పెట్టాను. "మీకెవరు చెప్పారు?"

"యూనిట్లో చెప్పినారు. టీ అంగట్లో చెప్పినారు. అందరికీ తెలుసు. నాకే చెప్పల్యా. ఇయ్యాల చెప్తాది, రేపు చెప్తాది అని చూస్తాండా. ఆ ఫోల్డర్ మూసేసినప్పుడే అనుకున్నా. పోయేదానికి ముందు నన్ను తీసేసిందిలే అని."

ఒకరు అడుగుతారని ఒకరు, ఒకరు చెప్తారని ఒకరు. ఆ ఇంట్లో ఆ రెండు మాటలూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నోటిదాకా వచ్చింది. అన్నా, ఆ పిల్ల మిమ్మల్ని తీసేయలేదు, మీరు వస్తారని మూసింది అని చెప్పేస్తే అయిపోతుంది. శైలజ "వద్దక్కా" అన్నది గుర్తొచ్చి మింగేశాను. నా పనిలో తెలిసిన జవాబు చెప్పకుండా ఊరుకోవడం అంత కష్టంగా ఎప్పుడూ లేదు.

"ఈ మాట నాతో ఎందుకు చెప్తున్నారు అన్నా? ఆ గది ఎంత దూరం?"

"ఏమని మొదలుపెట్టాల రమమ్మా?" అన్నాడు. "ఆయమ్మి పుట్టినప్పట్నుంచి ఏం చెప్పాలన్నా గంగమ్మతోనే చెప్పినా. అది ఎట్ల చెప్పేదో ఏమో, పాప వినేది. నేను చెప్తే ఎట్లుంటాదో నాకే తెల్దు. ఇంత వయసొచ్చినాక కూతురితో మాట్లాడేది ఎట్ల అని ఎవురినడగాల?"

నాకూ తెలియదు. తెలిసినదొక్కటే చెప్పాను. "ఫోల్డర్ తెరుచుకోలేదని చెప్పండి. అది నిజమే కదా. అక్కడినుంచి మొదలుపెట్టండి."

ఆయన లేచాడు. లుంగీ సర్దుకున్నాడు. పరాయి ఇంటికి వెళ్ళేవాడిలా టవలు భుజం మీద వేసుకున్నాడు. మధ్య గదిలో చాప అంచు పక్కగా నడిచి, ముందు గది గడప దగ్గర ఆగాడు. నేను వెనక గదిలోనే ఉండిపోయాను. రెండు తలుపుల్లోంచి ఆయన వీపు కనబడుతోంది.

మిషన్ నడుస్తోంది. శైలజ ఆయన్ను చూసే ఉంటుంది, కానీ ఆపలేదు. ఆయన కూడా పిలవలేదు. జేబు పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. పని మధ్యలో ఆపితే కుట్టు చెడుతుందని తెలిసిన మనిషి. చివరికి సూది ఆగింది.

"శైలూ."

ఆయన భుజం మీద టవలు సర్దుకున్నాడు.

"ఆ జేబుల ఫోల్డర్... నాకు తెరుచుకోల్యామ్మీ."

"నేనే తీసినా నాయనా నీ పేరు."

"ఎందుకు?"

"అడుగుతావేమోనని."

ఆయన తలుపు చట్రం పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "అడిగినా కదా ఇప్పుడు."

"అడిగినావు" అంది శైలజ.

ఆయన లోపలికి వెళ్ళాడు. తర్వాత మాటలు సరిగ్గా వినబడలేదు. వినకూడదని కూడా అనిపించింది. "బళ్ళారి" అని ఒకసారి వినబడింది. "ఎవురి ఇంట్లో ఉంటావు" అని, "హాస్టల్లో" అని. కాసేపటికి ఆయన, "జేబు మీద ఆ రెక్క కొంచెం కిందికి దిగింది చూడు" అన్నాడు. ఆమె, "నీ కొలతే తప్పు" అంది. ఆ ఇంట్లో ఆ రెండు గదుల మధ్య నేను విన్న మొదటి తగవు అది.

నా ముందున్న స్క్రీన్ మీద జేబుల ఫోల్డర్‌ను ఇంకోసారి నొక్కి చూస్తే, ఈసారి తెరుచుకుంది. అవతల శైలజ ఆయన పేరు మళ్ళీ చేర్చింది. లోపల వరసగా ఫైళ్ళు. పువ్వులు, రెక్కలు, గీతలు. ఇంకేమీ చూడకుండా మూసేసి, సంచి భుజానికి వేసుకున్నాను. మాస్టర్ ముందు తలుపు దాకా వచ్చి సాగనంపాడు. ఎండలో షాపుకు నడిచి వచ్చాను. వచ్చాక ఏ సిస్టమ్ మూతా విప్పబుద్ధి కాలేదు. మా అన్న అనంతపురంలో ఉంటాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏమని మొదలుపెట్టాలో నాకూ తోచలేదు. అయినా చేశాను. పనిలో ఉన్నానని, తర్వాత చేస్తానని అన్నాడు.

ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయని చెబితే అబద్ధం. ఒక్క రోజు మాటతో అంతకాలపు మౌనం పోదు. శైలజ చెప్పినట్టే మరుసటి నెల బళ్ళారికి వెళ్ళిపోయింది. కంప్యూటర్ కూడా తీసుకెళ్ళింది. విప్పి కట్టి ఇచ్చింది నేనే. బస్సు ఎక్కించడానికి మాస్టర్ వచ్చాడు. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. "సూదులు ఆడ దొరుకుతాయా?" అని మాత్రం అడగడం విన్నాను. "దొరుకుతాయి నాయనా" అంది.

వానాకాలం పేరుకు వచ్చి పోయాక ఒకరోజు ఆయన నా షాపు ముందు ఆగాడు. బళ్ళారి యూనిట్ వాళ్ళు తన ప్యాటర్న్‌లు కూడా తీసుకుంటున్నారని, జేబు డిజైన్లు శైలజే వేస్తోందని చెప్పాడు. చంకలో చుట్టిన అట్టలు ఉన్నాయి.

"ఇంటి ఫోల్డర్ అంత దూరం పనిచేయదన్నా. ఇంటి రౌటర్ అందినంత వరకే అది తెరుచుకుంటుంది" అన్నాను. "ఇంటర్నెట్‌లో పెట్టుకునే ఫోల్డర్ ఉంటుంది. అది చేసిస్తాను. మీరు ఇక్కడ పెడితే ఆ నిమిషానికే శైలజకు అక్కడ వచ్చేస్తుంది. ఈ ఎండలో బస్సులో పడి పోవాల్సిన పనిలేదు."

బళ్ళారి బస్సు హారన్ కొడుతోంది.

"ఫైలు పోతాది రమమ్మా" అన్నాడు. "నేను పోను కదా."

అట్టలు నలగకుండా పట్టుకుని రోడ్డు దాటి బస్సెక్కాడు. అప్పట్నుంచి చాలా ఆదివారాలు ఆయన్ను ఆ బస్సులో చూశాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కడే దిగుతాడు, చేతులు ఖాళీగా. ఆ ఇంటి మూడు గదుల్లో ఇప్పుడు ఆయనొక్కడే.

ఈ పనిలో మాకు నేర్పేది ఒక్కటే. మనుషులు లేవకుండా, నడవకుండా, అడగకుండా పని జరిగిపోయేలా చేయడం. ఎంత తక్కువ కదిలితే అంత బాగా పెట్టామని లెక్క. ఆ ఇంట్లో నెట్‌వర్క్ పెట్టిన రోజు నేను బాగా పెట్టాననే అనుకున్నాను, పని పరంగా బాగానే పెట్టాను కూడా. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా మిషన్ తెరిచే ముందు ఒక మాట అడుగుతాను. "అవతల సిస్టమ్ దగ్గర ఉండేది ఎవరు? వాళ్ళను అడిగారా?" చాలామంది విసుక్కుంటారు. "అడిగేదుంటే నిన్నెందుకు పిలుస్తాం?" అంటారు. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగి, లేచి, పక్క గదిలోకి వెళ్తారు. అప్పుడు నేను సంచి విప్పకుండా కూర్చుని, వాళ్ళు తిరిగి వచ్చేదాకా చూస్తాను.